పాత కార్టూనా, కొత్త రీమేకా? డిస్నీల్యాండ్‌కి వెళ్ళే ముందు ఇంట్లో ఎవరికి ఏం చూపించాలి

మీ ప్రశ్న ఇది: బాబుకి అయిదేళ్ళు, పాపకి రెండున్నర. మార్చిలో గుంటూరు నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు. అందరూ కలిసి కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో ఉన్న డిస్నీల్యాండ్‌కి వెళ్దామనుకుంటున్నారు. ఈలోపు పిల్లలకి పాత బొమ్మల సినిమాలు చూపించాలా, ఈమధ్య అవే కథల్ని మనుషులతోనో కంప్యూటర్‌తోనో మళ్ళీ తీసిన రీమేక్‌లు సరిపోతాయా? మీవారేమో "ఆ పాత కార్టూన్లు ఇప్పుడెవరు చూస్తారు" అంటున్నారు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మకి అక్కడ ఏముంటుంది?

మాది తెనాలి. పద్దెనిమిదేళ్ళుగా అనహైమ్‌కి అరగంట దూరంలో ఉంటున్నాం. ఇద్దరు పిల్లలూ చిన్నగా ఉన్నప్పటి నుంచి ఏడాది పాస్ తీసుకుంటూనే ఉన్నాం. ఈ సినిమాలన్నా ఆ పార్కన్నా నాకు ప్రాణం. ఇండియా నుంచి ఎవరొచ్చినా వెంటపెట్టుకుని వెళ్ళేది నేనే. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు జవాబు చెప్పేస్తాను. పిల్లలకి పాతవి చూపించండి. అమ్మానాన్నలకి రీమేక్‌లు చూపించండి. చాలామంది దీనికి సరిగ్గా తిరగేసి చేస్తారు.

పిల్లలకి పాతవే ఎందుకంటే, పార్కులో ఉన్నది ఆ బొమ్మలే. కోట వెనకాల ఉండే ఫాంటసీల్యాండ్ చాలావరకు పాత సినిమాల నుంచి పుట్టింది. పీటర్ పాన్ సినిమా 1953లో వచ్చింది, పార్కు 1955 జూలై 17న తెరిచారు, ఆ కథలోంచి బండిలో తిరిగొచ్చే పీటర్ పాన్ రైడ్ ఆ రోజు నుంచీ ఉంది. స్నో వైట్ రైడ్‌లో కనిపించేది 1937 నాటి సినిమాలోని స్నో వైట్. పక్కనున్న కాలిఫోర్నియా అడ్వెంచర్ పార్కులో లిటిల్ మెర్మెయిడ్ రైడ్ కట్టింది 2011లోనే అయినా, అందులోని ఏరియల్ 1989 సినిమాలో గీసిన ఏరియలే. రీమేక్ ఒక్కటే చూసి వెళ్ళిన పిల్లలు వీళ్ళని గుర్తుపట్టరు. "ఈవిడెవరు?" అని అడుగుతారు. మీరు చెప్పేలోపు రైడ్ అయిపోతుంది, ఎందుకంటే స్నో వైట్, పీటర్ పాన్ లాంటివి రెండు మూడు నిమిషాల కంటే ఎక్కువ ఉండవు.

ఇది నేను మా పెద్దాడి వల్ల నేర్చుకున్నాను. 2010లో, వాడికి నాలుగేళ్ళప్పుడు, మొదటిసారి తీసుకెళ్ళాను. ఏ సినిమా చూపించలేదు. లైన్ తక్కువగా ఉందని స్నో వైట్ రైడ్ ఎక్కించాను. లోపల చీకటి. స్నో వైట్ సవతి తల్లి రాణి అద్దం ముందు వీపు మనవైపు పెట్టి నిలబడి ఉంటుంది, ఉన్నట్టుండి ఇటు తిరుగుతుంది, తిరిగేసరికి మంత్రగత్తె. వాడు నా కుర్తా రెండు చేతులతో పట్టుకుని మొహం అందులో దాచుకున్నాడు. ఆ రోజంతా చీకటిగా ఉన్న గుమ్మం ఏది కనబడినా "వద్దమ్మా, ఇంటికెళ్దాం" అన్నాడు. తప్పు నాదే, కథ తెలియని పిల్లాణ్ణి నేరుగా మంత్రగత్తె దగ్గరికి తీసుకెళ్ళాను. నెల తర్వాత ఆ సినిమా ఇంట్లో ముక్కలు ముక్కలుగా రెండుసార్లు చూశాం. భయమేసిన చోట ఆపి, రాణి అలా ఎందుకు మారుతోందో చెప్పుకున్నాం. మళ్ళీ వెళ్ళినప్పుడు, అదే అద్దం దగ్గర నా మోచెయ్యి పట్టుకుని, "అమ్మా చూడు, ఇప్పుడు ముసలిదవుతుంది" అని నాకే ముందు చెప్పాడు.

ఆ రైడ్‌కి ఒక చరిత్ర ఉంది, మీ ప్రశ్నకి దాంతో సంబంధం కూడా ఉంది. 1955లో కట్టినప్పుడు అందులో స్నో వైట్ బొమ్మే లేదు. బండిలో కూర్చున్న మనమే స్నో వైట్, మంత్రగత్తె విషపు ఆపిల్ మనకే ఇస్తుంది, మన వెంటే పడుతుంది. అదీ వాళ్ళ ఆలోచన. జనానికి అది అర్థం కాక, స్నో వైట్ ఎక్కడా అని అడిగేవాళ్ళు. చివరికి 1983లో ఆ పాత రైడ్లన్నీ బాగుచేసినప్పుడు ఆమె బొమ్మ పెట్టారు. 2021లో భయం బాగా తగ్గించి, పేరులో ఉన్న 'స్కేరీ' (భయపెట్టే) అన్న మాట కూడా తీసేశారు. ఇప్పుడు మీ బాబుకి ఫర్వాలేదు. అయినా ఆ రైడ్లన్నీ మనకి కథ తెలుసనుకునే కట్టినవి.

ఇక ఏవి చూపించాలంటే, చాలా అక్కర్లేదు. మూడు నెలల టైమ్‌లో నాలుగు సినిమాలు, ఒక్కొక్కటీ రెండుసార్లు చూస్తే చాలు. మొదట డంబో, పిల్ల ఏనుగు కథ, 1941ది. 64 నిమిషాలే. దాని 2019 రీమేక్ 112 నిమిషాలు. రెండున్నరేళ్ళ పాప 64 నిమిషాలు కూర్చుంటేనే గొప్ప. తల్లి ఏనుగుని బంధించి పెట్టినప్పుడు డంబో బయట నుంచి తొండం అందించే చోట పిల్లలు ఏడుస్తారు, మనమూ ఏడుస్తాం. పక్కన కూర్చోండి. పార్కులో డంబో ఏనుగుల రైడ్‌కి ఇంత ఎత్తుండాలన్న నిబంధన లేదు, పాప కూడా మీ పక్కన కూర్చోవచ్చు. ముందున్న చిన్న మీట పట్టుకుని ఏనుగుని పైకీ కిందికీ పోనిచ్చేది మనమే. ఆ మీట బాబు చేతికివ్వండి.

తర్వాత పీటర్ పాన్, ఎగిరే కుర్రాడి కథ. అన్నింటిలో నాకు ఇష్టమైన రైడ్ ఇదే, దాదాపు ఎప్పుడూ పెద్ద లైన్ ఉండేదీ దీనికే. మిగతా రైడ్లలో బండి కింద పట్టా మీద నడుస్తుంది, ఇందులో ఓడ పైనున్న పట్టాకి వేలాడుతూ వెళ్తుంది. ముందు పిల్లల పడకగది, ఆ కిటికీలోంచి బయటికి. ఒక్కసారిగా కింద రాత్రి పూట లండన్ కనిపిస్తుంది. గడియారస్తంభం, వంతెన, వీధుల్లో చీమల్లా కదిలే కార్ల దీపాలు. కాళ్ళ కింద నేల లేదన్న సంగతి అప్పుడు తెలుస్తుంది. ఇన్నేళ్ళలో ఎంతమంది పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకున్నానో, ఆ కిటికీ దాటగానే అందరూ చెయ్యి బిగించి పట్టుకుంటారు. పొద్దున్న గేటు తెరవగానే ముందు దీనికే వెళ్ళండి. సినిమా విషయంలో మాత్రం ఒక మాట. అందులో అమెరికా ఆదివాసుల్ని చూపించిన తీరు బాగాలేదు, వాళ్ళని వెక్కిరించినట్టుంటుంది. డంబోలో కాకుల పాత్రలూ అంతే, నల్లజాతివాళ్ళని ఎగతాళి చేయడమే. ఆ చోట్ల దాటవేయకుండా, "ఇలా చూపించడం తప్పు నాన్నా" అని ఒక్క ముక్క చెప్పండి. అయిదేళ్ళవాడికి అది అర్థమవుతుంది.

మూడోది స్నో వైట్. నాలుగోది కార్స్, 2006ది. పక్క పార్కులో కార్స్ ల్యాండ్ ఉంది కాబట్టి, రెండో రోజు వెళ్తే పనికొస్తుంది. పినోకియో మాత్రం ఇప్పుడే వద్దు. పిల్లలు గాడిదలుగా మారిపోయే చోట మా చిన్నది వారం రోజులు నిద్రపోలేదు.

సముద్రపు దొంగల పైరేట్స్ రైడ్‌కి సినిమా చూపించాల్సిన పని లేదు. అక్కడ లెక్క తిరగబడింది: 1967లో రైడ్ వచ్చింది, సినిమా 2003లో దాన్ని బట్టి తీశారు. సినిమా అయిదేళ్ళవాడికి తగదు. రైడ్‌కి ఎత్తు నిబంధన లేదు కానీ, చీకట్లో పడవ రెండుసార్లు జారుతుంది, అస్థిపంజరాలు ఉంటాయి. బాబుని అడిగి ఎక్కించండి.

ఇంకో చిత్రం చెప్తాను. పార్కు మధ్యలో ఉన్నది స్లీపింగ్ బ్యూటీ కోట. ఆ సినిమా వచ్చింది 1959లో, కోట కట్టిన నాలుగేళ్ళకి. కోట ఎత్తు 77 అడుగులే, పైకి వెళ్ళేకొద్దీ రాళ్ళని చిన్నగా చేసుకుంటూ పోయారు కాబట్టి ఎత్తుగా అనిపిస్తుంది. మీ నాన్నగారికి ఇలాంటివి ఇష్టమైతే అక్కడ నిలబెట్టి చూపించండి.

ఇప్పుడు రీమేక్‌ల సంగతి. నేను వాటిని చులకన చేసే మనిషిని కాదు. వీడియో క్యాసెట్లు రాకముందు డిస్నీవాళ్ళు పాత సినిమాలని ఏడెనిమిదేళ్ళకోసారి మళ్ళీ థియేటర్లలో వేసేవాళ్ళు. స్నో వైట్ 1944లో, 1952లో, 1958లో, అలా 1993 దాకా మళ్ళీ మళ్ళీ వచ్చింది. ప్రతి తరం పిల్లలకీ అది కొత్త సినిమాయే. క్యాసెట్లు ఇంటికొచ్చాక ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు ఆ పని రీమేక్ చేస్తోందని నాకనిపిస్తుంది. ఇంటిల్లిపాదీ మళ్ళీ అదే కథకి థియేటర్‌కి వెళ్తున్నారు. మనకీ ఇది కొత్తేం కాదు. మాయాబజార్ కథ 1957కి ముందే, 1936లోనే తెలుగులో సినిమాగా వచ్చింది.

కానీ అన్నీ ఒకేలా లేవు. 2015 సిండరెల్లా నాకు చాలా నచ్చింది, పాత కథ మీద నమ్మకంతో తీశారు. 2016 జంగిల్ బుక్ ఇంకా బాగుంటుంది. మన దేశపు అడవి కథని లాస్ ఏంజెలెస్‌లో స్టూడియోలో తీశారంటే నమ్మబుద్ధి కాదు. అది ఇండియాలో అమెరికా కంటే వారం ముందే విడుదలైంది కూడా. అందులో షేర్ ఖాన్ నిజం పులిలాగే ఉంటుంది కాబట్టి మీ బాబుకి ఇంకో రెండేళ్ళు ఆగండి, ఇప్పటికి 1967 నాటిది చూపించండి. 2020 ములాన్‌లో పాటలు తీసేశారు, పాటలతో పాటు ప్రాణమూ పోయింది. 2019 లయన్ కింగ్‌లో మొదటి సూర్యోదయం షాట్ ఒక్కటే నిజంగా కెమెరాతో తీసింది, మిగతా అంతా కంప్యూటర్ పని. ఆ పనితనానికి దణ్ణం పెట్టాలి. కానీ నిజమైన సింహం మొహంలో ఏడుపు కనబడదు కదా. 1994 నాటి బొమ్మల లయన్ కింగ్‌లో చనిపోయిన తండ్రి పక్కన పడుకున్న పిల్ల సింహం సింబా కనుబొమ్మలు రెండు గీతలే, ఆ రెండు గీతలకే మనకి గొంతు పూడుకుపోతుంది.

అయితే ఆ 2019 లయన్ కింగ్‌నే మీ అమ్మానాన్నలకి చూపించమంటాను, తెలుగులో. సింబాకి నాని, వాళ్ళ నాన్న ముఫాసాకి రవిశంకర్, విలన్ స్కార్‌కి జగపతిబాబు, సింబా స్నేహితులు టిమోన్‌కి అలీ, అడవిపంది పుంబాకి బ్రహ్మానందం గొంతులిచ్చారు. మా అమ్మ దాన్ని తెనాలిలో చూసింది, ఇక్కడ మా పిల్లలు ఇంగ్లీషులో చూశారు. ఆదివారం వీడియో కాల్‌లో అమ్మ నవ్వు ఆపుకోలేకపోతోంది. "ఆ అడవిపందికి బ్రహ్మానందం గొంతు పెట్టార్రా, అది నోరు తెరిస్తే చాలు నవ్వొస్తోంది" అంది. మా చిన్నదానికి తెలుగు అర్థమవుతుంది కానీ, అడిగినదానికి ఇంగ్లీషులోనే జవాబిచ్చేది. ఆ రోజు మాత్రం, "అమ్మమ్మా, పుంబా ఏం చెప్పాడు? మళ్ళీ చెప్పు" అని తెలుగులో అడిగింది. తర్వాత ఆ సినిమా తెలుగులో పెట్టమని తనే గొడవ చేసింది. అమ్మమ్మకీ మనవరాలికీ ఇద్దరికీ తెలిసిన కథ ఒకటి దొరికింది. నాకు రీమేక్‌ల మీద గౌరవం కలిగింది ఆ రోజే. 2019 అల్లాదీన్‌లో జీనీకి వెంకటేష్, అల్లాదీన్‌కి వరుణ్ తేజ్ గొంతులిచ్చారు, అదీ మీ అమ్మగారికి నచ్చుతుంది. వాళ్ళు బయల్దేరే ముందు ఇండియాలోనే తెలుగు ఆడియో ఉన్నది వెతుక్కుని చూడమనండి, ఇక్కడికొచ్చాక జెట్‌లాగ్‌లో కుదరదు.

ఇంకొకటి, ఇది ప్రత్యేకంగా మీ అమ్మగారి కోసం. డిస్నీవాళ్ళు 1961లో తీసిన పేరెంట్ ట్రాప్ అనే సినిమా ఉంది. హేలీ మిల్స్ అనే అమ్మాయి కవలలుగా ద్విపాత్రలు వేసింది. 2012లో అమ్మ ఆరు నెలలు ఉండటానికి వచ్చినప్పుడు, ఒక మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ పక్కన కూర్చుంది. టీవీలో నేనది పెట్టుకున్నాను. ఇంగ్లీషు అర్థం కాదని అమ్మ తలెత్తి కూడా చూడలేదు. వేసవి శిబిరంలో ఒకే పోలికతో ఉన్న ఇద్దరమ్మాయిలు ఎదురుపడ్డారు. విడిపోయిన అమ్మానాన్నల కూతుళ్ళమని తెలుసుకున్నారు. అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "ఇది మన లేతమనసులు కదే!" అంది. అక్కడి నుంచి ప్రతి సీనూ నాకు ముందే చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో "పిల్లలూ దేవుడూ చల్లనివారే" అని పాడింది కూడా.

అమ్మ చెప్పింది నిజమే. జర్మన్ రచయిత ఎరిక్ కెస్ట్నర్ 1949లో రాసిన నవల దానికి మూలం. దాన్నుంచి 1961 అమెరికన్ సినిమా, దాన్ని బట్టి ఏవీఎం వాళ్ళు 1965లో తమిళంలో, 1966లో తెలుగులో లేతమనసులు, 1968లో హిందీలో తీశారు. తెలుగులో జమున, హరనాథ్ తల్లిదండ్రులు, కుట్టి పద్మిని కవలలు. డిస్నీవాళ్ళే 1998లో మళ్ళీ తీశారు. అంటే అమెరికాలో ఈ కథ రీమేక్ కాకముందే, ముప్ఫై రెండేళ్ళ ముందు, పద్నాలుగేళ్ళ పిల్లగా మా అమ్మ తెనాలిలో మన రీమేక్ చూసేసింది. "అక్కడ నాకేం అర్థమవుతుందే" అని మీ అమ్మగారు అంటే, ముందు ఇది పెట్టండి.

ఇక పార్కులో అమ్మకి ఏముంటుందన్నది. వాల్ట్ డిస్నీకి ఆ పార్కు ఆలోచన ఎలా వచ్చిందో ఆయనే చెప్పేవారట. శనివారాలు ఇద్దరు కూతుళ్ళనీ లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కుకి తీసుకెళ్ళి, వాళ్ళు రంగులరాట్నం తిరుగుతుంటే తను బెంచీ మీద కూర్చుని పల్లీలు తినేవారు. పెద్దవాళ్ళూ పిల్లలూ కలిసి ఆడుకునే చోటు ఒకటుండాలని అప్పుడనిపించిందట. ఆ కాలపు బెంచీ ఒకటి పార్కులోకి అడుగుపెట్టగానే వచ్చే మెయిన్ స్ట్రీట్‌లోని ఒపెరా హౌస్‌లో పెట్టారు, లోపలికి వెళ్ళి చూడండి. చల్లగా ఉంటుంది, కూర్చోవచ్చు.

నేనైతే రోజు మొదలుపెట్టగానే చక్రాల కుర్చీ అద్దెకి తీసుకుంటాను, గేటు దగ్గరే ఇస్తారు. మన అమ్మలు మొదట ఒప్పుకోరు, "నాకేమైందని" అంటారు. పాప సామాను పెట్టుకోవడానికని చెప్పి తీసుకోండి, మధ్యాహ్నానికి వాళ్ళే కూర్చుంటారు. పార్కు చుట్టూ తిరిగే ఆవిరి రైలు ఆవిడకి బాగా నచ్చుతుంది. వాల్ట్‌కి రైళ్ళంటే పిచ్చి, తొలిరోజు నుంచీ ఉంది. ఎండ పెరిగాక ఆ రైలెక్కి ఒక చుట్టు తిరిగితే పాప ఒళ్ళో నిద్రపోతుంది కూడా. దారిలో న్యూ ఆర్లియన్స్ అనే స్టేషన్‌లో టకటకమని టెలిగ్రాఫ్ చప్పుడు వినిపిస్తుంది, అది ఉత్తుత్తి చప్పుడు కాదు, 1955లో వాల్ట్ పార్కుని ప్రారంభిస్తూ చదివిన మాటలే, టెలిగ్రాఫ్ కోడ్‌లో. మీ నాన్నగారికి చెప్పండి.

స్మాల్ వరల్డ్ పడవ మాత్రం తప్పకుండా ఎక్కించండి. 1964లో న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో యూనిసెఫ్ కోసం తయారుచేసి, 1966లో ఇక్కడికి తెచ్చారు. దేశదేశాల పిల్లల బొమ్మలు ఒకే పాట పాడుతుంటాయి. భాష అక్కర్లేదు. మన దేశపు బొమ్మలు వచ్చినప్పుడు మా అమ్మ పడవలోనే సగం లేచి, "అరుగో మనవాళ్ళు!" అని చెయ్యి ఊపింది. పడవలోకి ఒక మెట్టు కిందికి దిగాలి, మోకాళ్ళకి కష్టం. మీవారిని ముందు దిగి చెయ్యి అందించమనండి. చక్రాల కుర్చీతో ఎక్కే పడవ కూడా ఉంది, అక్కడ పనిచేసేవాళ్ళని అడగండి.

కొన్ని చిన్న విషయాలు. మూడేళ్ళు నిండని పిల్లలకి టికెట్ లేదు కాబట్టి, పాప పుట్టినరోజు లోపే వెళ్ళడం లాభం. బాబుని ఇప్పుడే గోడకి నిలబెట్టి ఎత్తు కొలవండి. పెద్ద రైడ్లలో స్పేస్ మౌంటెన్, బిగ్ థండర్, కార్స్ ల్యాండ్‌లోని రేసర్స్‌కి 40 అంగుళాలు, మాటర్‌హార్న్‌కి 42, ఇండియానా జోన్స్‌కి 46 ఉండాలి. లైన్‌లో గంట నిలబడ్డాక ఎక్కనివ్వకపోతే వాడి ఏడుపు చూడలేం. మీరూ మీవారూ పెద్ద రైడ్లు ఎక్కాలంటే రైడర్ స్విచ్ అడగండి. ఒకరు పాప దగ్గర ఉండి, ఇంకొకరు దిగాక మళ్ళీ మొత్తం లైన్ నిలబడకుండా ఎక్కవచ్చు. ఆ రోజు ఏ రైడ్ మూసి ఉందో ముందు రాత్రే డిస్నీల్యాండ్ యాప్‌లో చూసుకోండి. మార్చిలో స్ప్రింగ్ బ్రేక్ రద్దీ ఉంటుంది, ఏదైనా మంగళవారమో బుధవారమో చూసుకోండి. ఒక్క రోజే అయితే పాత పార్కు, అంటే డిస్నీల్యాండ్ ఒక్కటే చాలు, రెండూ పెట్టుకుంటే అందరికీ నీరసం తప్ప ఏం మిగలదు. రెండు రోజులైతే మధ్యలో ఒకరోజు ఇంట్లోనో హోటల్లోనో ఉండండి.

పార్కు గేటు లోపలున్న సిటీ హాల్ దగ్గర 'మొదటిసారి వచ్చాను' అనే బ్యాడ్జీలు ఉచితంగా ఇస్తారు. మీ అమ్మానాన్నలకీ తీసుకోండి, పిల్లలకి మాత్రమే అనుకోకండి. మా అమ్మ దాన్ని చీర కొంగుకి పెట్టుకుంది, ఇప్పటికీ బీరువాలో ఉంది.

తిండికి టెన్షన్ పడకండి. బయటి నుంచి తెచ్చుకోనిస్తారు. పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో పెట్టుకెళ్ళండి. ఆవకాయ మాత్రం గాజు సీసాలో వద్దు, గేటు దగ్గర గాజు లోపలికి రానివ్వరు. చిన్న ప్లాస్టిక్ డబ్బాలోకి తీసుకోండి.